బెంగళూరు చిన్న వ్యాపారాలు: విదేశీ విపణికి విస్తరణ

చిన్న వ్యాపారం విదేశాలకు విస్తరించడమంటే, స్వదేశంలో నిలదొక్కుకున్న సంస్థ తన సరుకునో సేవనో పరాయి దేశపు కొనుగోలుదారుకు క్రమం తప్పకుండా అమ్మగలిగే స్థితికి రావడం. ఒకసారి అనుకోకుండా వచ్చిన ఆర్డరును పంపించడం దీని కిందికి రాదు. రెండో ఆర్డరు, మూడో ఆర్డరు వచ్చి, వాటి డబ్బు సకాలంలో చేతికందినప్పుడే విస్తరణ జరిగినట్టు లెక్క.

బెంగళూరుకు సముద్రం లేదు. దగ్గరి పెద్ద రేవు చెన్నై దాదాపు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా గులాబీలు, ఉల్లిగడ్డలు, విమాన భాగాలు, అగరుబత్తీలు, కుట్టిన దుస్తులు, సాఫ్ట్‌వేరు ఈ ఊరి నుంచి ప్రపంచానికి వెళ్తున్నాయి. వీటి చరిత్ర చూస్తే ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. విదేశానికి ఏ దారిన వెళ్ళాలో యజమాని ఆశ కన్నా సరుకు స్వభావమే ఎక్కువగా నిర్ణయించింది. ఆ స్వభావాన్ని ముందే గుర్తించినవాళ్ళు తక్కువ పెట్టుబడితోనే గట్టెక్కారు.

చిన్న పరిశ్రమ అంటే ఏదనే ప్రశ్నకు చట్టంలో జవాబుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 25 కోట్ల రూపాయలు, ఏడాది టర్నోవరు 100 కోట్లు దాటనిది చిన్న సంస్థ. ఈ రెండూ 2.5 కోట్లు, 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. ఎగుమతుల ఆదాయాన్ని ఈ టర్నోవరులో కలపరు. విదేశాలకు ఎంత అమ్మినా ఆ అమ్మకం వల్ల చిన్న సంస్థ హోదా పోదు. ఎగుమతి మొదలుపెడితే రాయితీలు పోతాయని భయపడేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

పూర్వరంగం

మైసూరు సంస్థానం తన అడవుల్లోని గంధపు చెక్కను వేలం వేసి అమ్మేది. కొని నూనె తీసేవాళ్ళలో జర్మన్లు ముఖ్యులు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ కొనుగోళ్ళు ఆగిపోయి, చెక్క గోదాముల్లో పేరుకుపోయింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ రసాయన శాస్త్రవేత్తలు సడ్‌బరో, వాట్సన్ నూనెను ఇక్కడే తీసే పద్ధతిని రూపొందించారు. 1916లో బెంగళూరులో నూనె తీయడం మొదలైంది. కొద్దికాలానికే మైసూర్ శాండల్ సబ్బు తయారైంది. అది ప్రభుత్వ వ్యాపారమే గానీ చిన్న వ్యాపారం కాదు. అయినా ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే తరువాతి వందేళ్ళలో ఎగుమతిదారులకు పదేపదే ఎదురైన రెండు చిక్కులూ అందులోనే ఉన్నాయి: ఒకే దేశపు కొనుగోలుదారు మీద ఆధారపడటం, ముడిసరుకును ముడిసరుకుగానే అమ్ముకోవడం.

స్వాతంత్ర్యానికి అటూ ఇటూ హెచ్‌ఏఎల్ (1940), ఐటీఐ (1948), హెచ్‌ఎంటీ (1953), బీఈఎల్ (1954) అనే పెద్ద కర్మాగారాలు వచ్చాయి. వాటికి చిన్న చిన్న భాగాలు చేసిచ్చే వర్క్‌షాపులు ఊరంతా వెలిశాయి. వీటిలో చాలావాటిని పెట్టినవాళ్ళు ఆ కర్మాగారాల్లో పనిచేసి, లేతు మీద చెయ్యి తిరిగినవాళ్ళే. పీణ్య పారిశ్రామిక వాడ ఆ నైపుణ్యం మీద పెరిగింది. అప్పట్లో వీళ్ళకు కొనుగోలుదారు ప్రభుత్వరంగమే కాబట్టి విదేశం గురించి ఆలోచించే అవసరం పడలేదు.

మొదటి నుంచే విదేశీ విపణి కోసం పుట్టిన చిన్న సంస్థకు మంచి ఉదాహరణ బయోకాన్. 1978లో కిరణ్ మజుందార్ 10,000 రూపాయల మూలధనంతో బెంగళూరులో ఒక అద్దె ఇంటి గ్యారేజీలో దాన్ని మొదలుపెట్టారు. భాగస్వామి ఐర్లండులోని బయోకాన్ బయోకెమికల్స్. నాటి చట్టాలు విదేశీ వాటాను 30 శాతానికి పరిమితం చేయడంతో మిగతా 70 శాతం ఆమె పేర ఉంది. తయారుచేసినవి రెండే: బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ అనే ఎంజైము, చేపల గాలితిత్తుల నుంచి తీసి బీరును తేటపరచడానికి వాడే ఐసింగ్లాస్. ముడిసరుకు ఇక్కడ చవకగా దొరికేది, గిరాకీ ఐరోపాలో ఉండేది. మజుందార్ ఆస్ట్రేలియాలోని బాలరాట్‌లో బీరు తయారీ శాస్త్రం చదివివచ్చారు కాబట్టి కొనేవాడికి ఏ నాణ్యత కావాలో ఆమెకు ముందే తెలుసు. బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడిన ఆ రోజుల్లో కూడా ఏడాది తిరిగేసరికి అమెరికా, ఐరోపాలకు ఎంజైములు ఎగుమతి చేసిన తొలి భారతీయ సంస్థగా అది నిలిచింది.

ఇన్ఫోసిస్ కథ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 1981లో పుణెలో పుట్టి 1983లో బెంగళూరుకు వచ్చింది, తొలి ఖాతాదారు న్యూయార్కుకు చెందిన డేటా బేసిక్స్. సాఫ్ట్‌వేరు ఎగుమతికి ఓడ అక్కరలేదు గానీ డేటా సంబంధం కావాలి. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ చిన్న కంపెనీలకు కూడా ఉపగ్రహ సంబంధాన్ని పంచుకునే వీలు కల్పించింది. ఆ తరువాతే ఇరవై మంది ఉద్యోగులున్న సంస్థ కూడా బెంగళూరులో కూర్చుని అమెరికా పని చేయగలిగింది.

సరుకును బట్టి దారి

బెంగళూరు రోజ్ ఉల్లి ఇందుకు తేటతెల్లమైన ఉదాహరణ. చిన్న గడ్డ, ముదురు గులాబీ రంగు, ఘాటు ఎక్కువ. చిక్కబళ్ళాపురం, కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లో పండుతుంది. తెలుగు ఇంటిభాషగా ఉన్న రైతులు ఎక్కువగా ఉన్న సీమ అది. మన వంటింట్లో దీనికి పెద్ద గిరాకీ లేదు. పంటలో అధికభాగం మలేషియా, సింగపూర్, ఇండోనేషియా, శ్రీలంక వంటి దేశాలకు వెళ్తుంది. 2015లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఉల్లి ధర పెరిగినప్పుడల్లా కేంద్రం ఎగుమతులకు కళ్ళెం వేస్తుంది. ఆ దెబ్బ ఈ రైతుకు రెట్టింపుగా తగులుతుంది, ఎందుకంటే ఎగుమతి ఆగితే ఈ గడ్డను ఊళ్ళో కొనేవాళ్ళు లేరు. 2023 ఆగస్టులో ఉల్లి మీద 40 శాతం ఎగుమతి సుంకం పడింది. సెప్టెంబరు చివర్లో రోజ్ ఉల్లికి మినహాయింపు వచ్చింది, కానీ రాష్ట్ర ఉద్యాన శాఖ కమిషనరు ధ్రువపత్రం ఉండాలన్న షరతుతో. భౌగోళిక గుర్తింపు చేతిలో ఉండటంతో ఇది వేరే ఉల్లి అని వాదించడం తేలికైంది.

గెర్కిన్ దోస కథ ఇంకా విచిత్రం. వేలెడంత పిందెగా ఉన్నప్పుడే కోసి ఉప్పునీటిలోనో వెనిగర్‌లోనో ఊరబెట్టే ఈ కాయను మన దేశంలో తినేవాళ్ళు అరుదు. 1990ల మొదట్లో కర్ణాటకలో ఒప్పంద సేద్యంగా కొద్ది ఎకరాల్లో మొదలై తమిళనాడుకు, ఆంధ్ర, తెలంగాణలకు పాకింది. విత్తనం, ఎరువు, సలహా కంపెనీ ఇస్తుంది, ముందే ఒప్పుకున్న ధరకు కాయను తీసుకుంటుంది. పిందె ఎంత సన్నగా ఉంటే అంత ధర కాబట్టి కోత ఒక్కరోజు ఆలస్యమైనా రైతుకు నష్టమే. 2020–21లో భారత్ 2,23,515 టన్నుల గెర్కిన్‌లను పంపి 22.3 కోట్ల డాలర్లు ఆర్జించి, ప్రపంచంలో అతిపెద్ద ఎగుమతిదారుగా నిలిచింది. దీని వెనుక సుమారు 90,000 మంది చిన్న, సన్నకారు రైతులు, 65,000 ఎకరాల భూమి ఉన్నాయి. ఇంటి విపణి అసలు లేకుండానే ఒక పరిశ్రమ నిలబడగలదని చూపిన పంట ఇది. ముందు ఊళ్ళో గెలిచి తరువాత బయటికి వెళ్ళాలన్న నియమం ప్రతి సరుకుకూ వర్తించదు.

గులాబీకి ఓడ పనికిరాదు. హెబ్బాళలో 2007లో మొదలైన అంతర్జాతీయ పూల వేలం కేంద్రం, 2008 మే నెలలో దేవనహళ్ళిలో తెరుచుకున్న కెంపేగౌడ విమానాశ్రయం ఈ వ్యాపారానికి ఊతమిచ్చాయి. ప్రేమికుల రోజైన ఫిబ్రవరి 14కు ముందు రెండు మూడు వారాల్లో ఏడాది అమ్మకాల్లో పెద్ద భాగం జరిగిపోతుంది. ఆ వారాల్లో చలి ఎక్కువై మొగ్గ విచ్చుకోకపోయినా, విమానంలో చోటు దొరకకపోయినా మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇడ్లీ, దోసె పిండికి మాత్రం విమానమూ సరిపోదు. 2005లో పి.సి. ముస్తఫా, ఆయన బంధువులు తిప్పసంద్రలోని చిన్న గదిలో మొదలుపెట్టిన ఐడీ ఫ్రెష్ ఫుడ్ అమ్మేది పచ్చి పిండి. అది నిలవ ఉండేకొద్దీ పులుస్తూనే ఉంటుంది. నిల్వ పదార్థాలు కలపకుండా అమ్మాలన్నది సంస్థ పెట్టుకున్న పట్టు. కాబట్టి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అమ్మడానికి పిండిని ఇక్కడినుంచి పంపకుండా అక్కడే రుబ్బే ఏర్పాటు చేసుకుంది. ఎగుమతి అనుకున్నది అక్కడ స్థానిక తయారీగా మారింది. ఖర్చు ఎక్కువే గానీ ఆ సరుకుకు వేరే దారి లేదు.

మావళ్ళి టిఫిన్ రూమ్స్ (ఎంటీఆర్) ఒకే పేరుతో రెండు దారుల్లో నడిచింది. 1924 నాటి ఈ హోటలు 1975లో అత్యవసర పరిస్థితి కాలంలో విధించిన ధరల నియంత్రణకు తట్టుకోలేక, సరుకు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టింది. రవ్వ ఇడ్లీ మిశ్రమం, మసాలా పొడులు ఆ పొట్లాల్లోనే విదేశాల్లోని మనవాళ్ళ ఇళ్ళకు చేరాయి. 2007లో ఎంటీఆర్ ఫుడ్స్‌ను నార్వేకు చెందిన ఓర్క్‌లా సంస్థ సుమారు 8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. హోటలు మాత్రం కుటుంబం చేతిలోనే ఉండి, 2013లో సింగపూర్‌లో శాఖ తెరిచింది. పొడి పొట్లాన్ని పంపడానికి గోదాము చాలు, దోసెను వడ్డించడానికి వంటవాళ్ళు, వాళ్ళ వీసాలు, అద్దెలు కావాలి. అందుకే పొట్లం ముందు వెళ్ళింది, హోటలు తరువాత వెళ్ళింది.

సేవారంగంలో తెలుగువాళ్ళ పేరు వినబడే ఉదాహరణ ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్. ఫణీంద్ర సామా, చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి అనే ముగ్గురు బిట్స్ పిలానీ సహాధ్యాయులు 2006లో బెంగళూరులో దీన్ని స్థాపించారు. పండగకు ఊరెళ్ళడానికి బస్సు టికెట్టు దొరకకపోవడమే ఈ ఆలోచనకు మూలమని ఫణీంద్ర చెప్పేవారు. 2013లో ఐబిబో గ్రూపు దీన్ని కొంది. ఆ తరువాతే ఇది సింగపూర్, మలేషియా, ఇండోనేషియా, పెరూ, కొలంబియా దేశాలకు వెళ్ళింది. అమెరికానో ఇంగ్లండునో కాక ఈ దేశాలను ఎంచుకోవడంలో లోతైన తెలివి ఉంది. ప్రైవేటు బస్సులు విరివిగా తిరుగుతూ, ప్రతి ఆపరేటరూ తన సీట్ల లెక్క తనే రాసుకునే చోట్లలోనే ఈ సేవకు పని ఉంటుంది. డబ్బున్న దేశం కన్నా మన ఇబ్బంది లాంటి ఇబ్బంది ఉన్న దేశమే మంచి విపణి అవుతుందని అది చూపింది.

పీణ్య వర్క్‌షాపులది మరో దారి. వాళ్ళు వినియోగదారుకు నేరుగా ఏమీ అమ్మరు, పెద్ద సంస్థల సరఫరా గొలుసులో ఒక లంకెగా చేరతారు. పీణ్యలో ఎదిగిన డైనమాటిక్ టెక్నాలజీస్ ఎయిర్‌బస్ ఏ320 రెక్కల్లో వాడే ఫ్లాప్ ట్రాక్ బీములు చేస్తుంది. ఈ దారిలో ప్రవేశించాలంటే విమానరంగ నాణ్యతకు ఏఎస్9100 వంటి ధ్రువీకరణ కావాలి, మొదటి నమూనా ఆమోదం పొందడానికే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఒకసారి లోపలికి వెళ్ళాక మాత్రం విమానం తయారైనన్నాళ్ళూ ఆర్డరు ఉంటుంది.

కాగితాల వరస

విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే దిగుమతి–ఎగుమతి కోడు మొదటి మెట్టు. 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. జీఎస్టీ వచ్చాక సంస్థ పాన్ సంఖ్యే ఈ కోడు. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య వివరాలు సరిచూసి నవీకరించకపోతే కోడు నిలిచిపోతుంది. సరుకు కస్టమ్స్‌లో ఆగిపోయాక ఈ సంగతి తెలుసుకునే కొత్తవాళ్ళు తక్కువేమీ కాదు. తరువాత బ్యాంకు ఇచ్చే అధీకృత డీలరు (ఏడీ) కోడును సరుకు వెళ్ళే రేవులో లేదా విమానాశ్రయంలో నమోదు చేయించాలి. సంబంధిత ఎగుమతి ప్రోత్సాహక మండలిలో సభ్యత్వం తీసుకోవాలి. వ్యవసాయ ఆహారాలకు అపెడా, మసాలాలకు సుగంధ ద్రవ్యాల బోర్డు ఉన్నాయి. దుస్తులకు, హస్తకళలకు వేర్వేరు మండళ్ళున్నాయి.

ఎగుమతి మీద జీఎస్టీ సున్నా. అయితే ముందుగా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసినవాళ్ళే పన్ను కట్టకుండా సరుకు పంపగలరు. అది లేకపోతే పన్ను కట్టి వాపసు కోసం ఎదురుచూడాలి, చిన్న వ్యాపారికి ఆ ఎదురుచూపే నడుస్తున్న పెట్టుబడిని తినేస్తుంది. సరుకును వర్గీకరించే హెచ్‌ఎస్ కోడును మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటా ఒకటే, మన దేశంలో ఎనిమిది అంకెలు వాడతారు. కోడు తప్పితే అక్కడి సుంకం మారుతుంది, ఇక్కడి రాయితీ పోతుంది.

బెంగళూరు కంటైనర్లు వైట్‌ఫీల్డులోని ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపోలోనే కస్టమ్స్ తనిఖీ ముగించుకుని రైల్లో చెన్నైకి వెళ్ళవచ్చు. సముద్రం లేని ఊరికి ఇదే రేవు. షిప్పింగ్ బిల్లు ఇక్కడే దాఖలవుతుంది. పార్శిళ్ళుగా పంపే చిన్న అమ్మకందార్లకు కొరియర్ దారి ఉంది. 2023 విదేశీ వాణిజ్య విధానం ఆ మార్గంలో ఒక్కో పార్శిలు విలువ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది.

డబ్బు చేతికి రావడం

కొత్త ఎగుమతిదారు ఆర్డరు దొరకడమే కష్టమనుకుంటాడు. నిజానికి డబ్బు రాబట్టుకోవడమే అంతకన్నా పెద్ద పని. మొత్తం అడ్వాన్సుగా తీసుకోవడం అన్నిటికన్నా క్షేమం, కానీ కొత్త అమ్మకందారుకు అంత అడ్వాన్సు ఇచ్చే పార్టీ అరుదు. మధ్యే మార్గం లెటర్ ఆఫ్ క్రెడిట్: కొనేవాడి బ్యాంకు పూచీపడుతుంది, పత్రాలు సరిగా ఉంటే చెల్లిస్తుంది. బ్యాంకు చూసేది సరుకును కాదు, కాగితాలను. ఇన్‌వాయిస్‌లో పేరు అక్షరం తేడా ఉన్నా, ఓడ ఎక్కించిన తేదీ గడువు దాటినా చెల్లింపు ఆగిపోవచ్చు. అందుకే ఎల్‌సి ముసాయిదా రాగానే వెంటనే ఒప్పుకోకుండా, తను నెరవేర్చలేని షరతు ఏదైనా ఉంటే అప్పుడే మార్పించుకోవడం తప్పనిసరి.

అరువు మీద పంపేవాళ్ళకు బీమా ఉంది. 1957లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ, నేటి ఈసీజీసీ, విదేశీ కొనుగోలుదారు దివాలా తీసినా, అక్కడ యుద్ధమో డబ్బు బదిలీపై నిషేధమో వచ్చినా నష్టంలో అధికభాగం భరిస్తుంది. కొత్త పార్టీ పరపతి ఎలాంటిదో ఆ సంస్థ ద్వారా ముందే విచారించవచ్చు. ఈ బీమా ప్రీమియాన్ని దండగ ఖర్చుగా చూడటం చిన్న వ్యాపారులు చేసే అతి ఖరీదైన పొదుపు.

ధర చెప్పేటప్పుడు ఏ ఖర్చు, ఏ బాధ్యత ఎవరిదో తేల్చే ఇన్‌కోటర్మ్స్ గుర్తుండాలి. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి ప్రకటించిన ఈ నియమాల్లో, 2020 కూర్పు ప్రకారం 11 పదాలున్నాయి. ఎఫ్‌ఓబీ అంటే ఓడ ఎక్కించేదాకానే అమ్మినవాడి బాధ్యత. సీఐఎఫ్ అంటే అవతలి రేవు దాకా ఓడ కిరాయి, బీమా కూడా అమ్మినవాడే పెట్టుకోవాలి. డీడీపీ ఒప్పుకుంటే పరాయి దేశపు సుంకం కూడా అతని నెత్తినే పడుతుంది. మొదటి ఒప్పందంలోనే డీడీపీకి తలూపడం మంచిది కాదు. వచ్చిన విదేశీ ద్రవ్యాన్ని రిజర్వు బ్యాంకు పెట్టిన గడువులోగా దేశానికి తేవాలి. చాలా ఏళ్ళపాటు ఆ గడువు తొమ్మిది నెలలు.

పేరు, ప్రమాణం

1964లో కె.ఎన్. సత్యం శెట్టి స్థాపించిన శ్రీనివాస సుగంధాలయ నాగచంపా అగరుబత్తీ ప్రపంచమంతా వ్యాపించింది. పాశ్చాత్య దేశాల యువతరం ఆ వాసనను భారతదేశపు గుర్తుగా తమ ఇళ్ళకు పట్టుకెళ్ళింది. పేరు పెరిగేకొద్దీ నకిలీలూ పెరిగాయి. నీలం, తెలుపు రంగుల డబ్బాను అచ్చుగుద్దినట్టు చేసి అమ్మేవాళ్ళను అడ్డుకోవడానికి సంస్థ డబ్బా మీద హోలోగ్రాం వేసుకోవలసి వచ్చింది. ట్రేడ్‌మార్కు హక్కు ఏ దేశానికా దేశంలో నమోదు కావాలి. 2013 జులైలో మన దేశం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరాక, ఇక్కడినుంచే ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో రక్షణ కోరవచ్చు. సరుకు పంపిన తరువాత కాక, శాంపిల్ పంపడానికి ముందే ఈ పని చేయాలి.

ప్రమాణాల విషయంలో తినే వస్తువులకు కష్టం ఎక్కువ. అమెరికాకు ఆహారం పంపే తయారీదారు అక్కడి ఎఫ్‌డీఏలో నమోదై ఉండాలి. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లలో కొన్ని భారతీయ మసాలాల విషయంలో ఇథిలీన్ ఆక్సైడ్ వివాదం రేగాక, ఆ రెండు చోట్లకు వెళ్ళే సరుకుకు సుగంధ ద్రవ్యాల బోర్డు పరీక్ష తప్పనిసరి చేసింది. ఎవరో చేసిన తప్పుకు మొత్తం రంగం పరీక్ష ఖర్చు మోయవలసి వచ్చింది. చన్నపట్న లక్కబొమ్మ ఐరోపా బొమ్మల భద్రతా ప్రమాణం ఈఎన్ 71 దాటాలి. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే ఇవీ అంకుడు కర్రతోనే చేస్తారు. సహజ రంగులు వాడే కళాకారులు రసాయన రంగుల మీద ఉండే అభ్యంతరాలను తేలిగ్గా దాటగలరు, అయినా పరీక్ష రుసుము ఒక్కో మోడలుకూ కట్టాల్సిందే. పీణ్యలో ఇనుప బోల్టులు, స్క్రూలు చేసేవాళ్ళకు ఐరోపా సమాఖ్య కార్బన్ సరిహద్దు నియమం ఎదురుగా ఉంది. 2026 జనవరి నుంచి అది పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చింది. ఆ బోల్టు తయారీలో ఎంత కర్బన ఉద్గారం వెలువడిందో లెక్క చూపాలి. ఇన్నాళ్ళూ అలాంటి లెక్కే రాయని వర్క్‌షాపులకు ఇది సుంకం కన్నా పెద్ద అడ్డంకి.

విదేశంలో సొంత సంస్థ

దుబాయిలోనో సింగపూర్‌లోనో కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళు 2022 ఆగస్టు నాటి విదేశీ పెట్టుబడి నియమాలను పాటించాలి. సంస్థ నికర విలువకు నాలుగు రెట్ల దాకా రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండా, బ్యాంకు ద్వారానే పెట్టుబడి పంపవచ్చు. ఏటా అక్కడి లెక్కల నివేదిక ఇవ్వాలి. సాధారణంగా రెండు మూడేళ్ళు పంపిణీదారు ద్వారా అమ్మి, విపణి తీరు తెలిసిన తరువాతే ఈ అడుగు వేయడం మేలు.

ఒకే దేశం మీద ఆధారం

2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులు చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అదే నెల చివర 800 డాలర్లలోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అన్ని దేశాలకూ ఎత్తేసింది. ఇంటినుంచి చేనేత వస్త్రాలు, బొమ్మలు, నగలు పార్శిళ్ళుగా పంపే చిన్న అమ్మకందార్లకు ఆ రెండో నిర్ణయం ఎక్కువ గుచ్చుకుంది, ఎందుకంటే వాళ్ళ వ్యాపారమంతా ఆ మినహాయింపు మీదే నిలబడింది. బెంగళూరు దుస్తుల పరిశ్రమలో అమెరికా ఆర్డర్లు తగ్గితే ఆ దెబ్బ నేరుగా పీణ్య, బొమ్మనహళ్ళి కుట్టు కేంద్రాల్లోని మహిళా కార్మికులకు తగులుతుంది. వాళ్ళలో కోలారు, అనంతపురం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఒకే దేశాన్ని నమ్ముకోకుండా ఉండటానికి వేరే విపణులూ ఉన్నాయి. యూఏఈతో 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబరు 29 నుంచి వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. బ్రిటన్‌తో ఒప్పందం మీద 2025 జులై 24న సంతకాలయ్యాయి. ఈ ఒప్పందాల తగ్గింపు సుంకం దానంతటదే దక్కదు. సరుకు ఇక్కడే తయారైందని తెలిపే మూలదేశ ధ్రువపత్రాన్ని ప్రతి కన్సైన్‌మెంటుకూ జతపరచాలి. చిన్న సంస్థలకు ఆ పత్రం తీయడం నేర్పడానికి బెంగళూరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ప్రాంతీయ కార్యాలయం, కర్ణాటక ప్రభుత్వపు విశ్వేశ్వరయ్య వ్యాపార ప్రోత్సాహక కేంద్రం ఉన్నాయి.